సైకిలుకు నిండు మడ్‌గార్డు, మూటకు రక్ష
(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, ఊర్జానగర్)

ఈ పర్యాయము నూలు ధర గురించి వ్రాయుట లేదు. రంగుల గురించి గాని, బకాయిల గురించి గాని వ్రాయుట లేదు. సైకిలు మడ్‌గార్డు గురించి వ్రాయుచున్నాను. కార్యదర్శికి వేరే పని లేదేమోనని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్న పిదప చివరి వరకు చదువవలసినదిగా మనవి. చక్రము పేరిట వ్రాసినను, ఇది మన మూటను గురించిన మాట.

మేముండునది ఊర్జానగర్. పెద్దలు నేటికిని చాందా అని పిలుచుకొను చంద్రపూర్ పట్టణమునకు ఉత్తరమున, తాడోబా అడవికి పోవు బాటలో, దుర్గాపూర్ ప్రక్కన ఉన్నది. 1980 దశకములో ఇచట విద్యుత్ కేంద్రము నడచుట మొదలైన కాలమున వెలసిన కాలనీ యిది. 500 మెగావాట్ల యూనిట్లు అయిదు గల పెద్ద కేంద్రము. చుట్టును దుర్గాపూర్, పద్మాపూర్ బొగ్గు గనులు. ఈ పనుల వెంట గోదావరి ఆవలి నుండి, కరీంనగర్, ఆదిలాబాద్ వైపుల నుండి మన తెలుగు వారు చాలమంది వచ్చి స్థిరపడినారు. వారిలో కొద్ది చేనేత కుటుంబములు కూడ ఉన్నవి. మగవారు గనిలోనో, కాంట్రాక్టు పనిలోనో చేరినను, ఇంటిలోని మగ్గమును మాత్రము తీసివేయలేదు.

వీరందరికి ఉన్న వాహనము సైకిలు. పట్టణము నుండి నూలు తెచ్చుకొనుటకు అదే. నేసిన బట్ట సంఘమునకు చేర్చుటకు అదే. ఆరేడు కిలోమీటర్ల దారి. ఎండకాలము ఈ దారి నిప్పుల కొలిమి, అయినను బట్టకు భయము లేదు. భయమంతయు వానకాలముననే. ఇచట ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అందులో ఎక్కువ భాగము జూన్ నుండి సెప్టెంబరు లోపలనే. రోడ్డు మీద బొగ్గు లారీలు రాల్చిన పొడి ఉండును. గాలిలో వచ్చి పడిన బూడిద ఉండును. మన దేశములో విద్యుత్తుకు వాడు బొగ్గులో మూడవ వంతు వరకు బూడిదే అగుట సామాన్యము. తొలకరి చినుకు పడగానే ఈ రెండును కలిసి నల్లని జిగురు బురద అగును. అది సైకిలు టైరుకు అంటుకొని పైకి లేచును. ఆ పైన ఉన్నది మన మూట.

నా చేత సంతకము పెట్టించిన నల్ల గీత

మూడేండ్ల క్రిందట శ్రావణ మాసములో మా సభ్యుడొక యువకుడు నాలుగు చీరలు తెచ్చినాడు. పడుగు తోడుట మొదలుకొని నాలుగవ చీర కోత వరకు అతనికి, అతని భార్యకు పదిరోజులకు పైగా పట్టిన పని. దారిలో వాన. మూటకు ప్లాస్టిక్ కాగితము చుట్టినాడు గాని, వెనుక వైపు అంచు విడిపోయినది. బల్ల మీద మూట విప్పి చూచునప్పటికి రెండు చీరల మడతల మీద జానెడు పొడవున నల్ల గీత. పసుపు పచ్చని చీర మీద ఆ గీత కాటుక పెట్టినట్లున్నది.

నాసిరకము వచ్చినప్పుడు మజూరీ తగ్గించవలెనని మా సంఘములో నియమము ఉన్నది. నియమము ప్రకారము రెండు చీరలను రెండవ తరగతిలో వేసి, తగ్గింపు కాగితము మీద నేను సంతకము చేసినాను. అతడు కోపపడలేదు. ఒక్క మాట అన్నాడు. "కాకా, చీర నేసింది నేనే గని, ఈ నల్ల గీత నేను నేసింది కాదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది. నేతలో లోపము వేరు, దారిలో తగిలిన దెబ్బ వేరు. నియమము వ్రాసినప్పుడు మేము ఈ రెండింటిని విడదీయలేదు. పిదప అతడు రెండు నెలలు నూలుకు రాలేదు. కాంట్రాక్టు పనికి పోవుచున్నాడని తెలిసినది. ఒకనాడు నూలు పుస్తకము తిరిగి యిచ్చుటకు అతని భార్య వచ్చినది. "అన్నా, ఒక్క వానకు పదిరోజుల కూలి పోతే ఏం నేస్తం? మగ్గం మీద గోనెసంచి కప్పినం," అని చెప్పి పుస్తకము బల్ల మీద పెట్టినది. నేను పుస్తకము తీసుకొనలేదు. మీ సైకిలు ఒకసారి తెప్పించుమని అడిగినాను.

సైకిలు చూచిన తరువాత విషయము అర్థమైనది. లావు టైర్ల కొత్త రకము బండి. వెనుక చక్రము మీద సీటు క్రింద నుండి పొడుచుకొని వచ్చిన మూరెడు ప్లాస్టిక్ ముక్క. ముందు చక్రము మీద దానిలో సగము. చూచుటకు సొగసుగానే ఉన్నది. కాని మూటకు, చక్రమునకు నడుమ క్యారియర్ కడ్డీలు తప్ప వేరే అడ్డము లేదు.

మన తండ్రుల కాలపు నల్ల సైకిళ్ళకు ఈ బాధ లేదు. 1949లో మద్రాసు వద్ద టీ.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో ప్రారంభమైనవి. ఆనాడు అవి తయారు చేసిన మామూలు బండికి నిండు ఇనుప మడ్‌గార్డులు బండితోపాటే వచ్చెడివి. వాటిని ఎవరును ప్రత్యేకముగా గమనించలేదు. పోయిన తరువాతనే వాని విలువ తెలియుచున్నది.

బురద ఏ దారిని వచ్చును?

మడ్‌గార్డు కొనుటకు ముందు బురద పోవు దారి తెలిసికొనవలెను. బండి ముందుకు పోవునప్పుడు చక్రము వెనుక భాగము నేల నుండి పైకి లేచును. పై భాగము ముందుకు దొర్లును. ముందు భాగము క్రిందికి దిగును. తడి టైరు తాను తిరుగు వైపునకే నీటిని విసరును. రాట్నము వేగముగా త్రిప్పినప్పుడు చక్రము మీది దుమ్ము ఎటు ఎగురునో గమనించినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

కనుక వెనుక చక్రపు వెనుక భాగమున లేచిన బురద నిట్టనిలువుగా పైకి పోయి క్యారియర్ మీది మూటకు, తొక్కువాని వీపునకు తగులును. అదే చక్రము నెత్తి మీదుగా వచ్చిన బురద సీటు క్రింది గొట్టమునకు, చైనుకు తగులును. ముందు చక్రపు వెనుక భాగమున లేచినది పాదములకు, పెడళ్ళకు, చైనుకు కొట్టును. ముందు చక్రము పైనుండి ముందుకు ఎగిరినది, బండి వేగముగా పోవునప్పుడు ఎదురుగాలికి తిరిగి వచ్చి ముఖమున పడును.

దీనిని బట్టి నిండు మడ్‌గార్డు అనగా ఏమో తేలుచున్నది. వెనుకది చైను దగ్గరి అడ్డుగొట్టము నుండి మొదలై చక్రము నెత్తి మీదుగా పోయి, వెనుక వైపున ఇరుసు మట్టమునకు దిగువ వరకు రావలెను. ముందుది ఫోర్కు తలకు కొంచెము ముందు నుండి మొదలై, వెనుక వైపున ఎంత వీలైన అంత క్రిందికి దిగవలెను. మూర పొడవు ముక్కలు ఈ పని చేయలేవు. గొడుగును మడిచి నెత్తిన పెట్టుకొన్నట్లుండును.

చైను మాట కూడ ఇక్కడే చెప్పవలెను. బొగ్గు బూడిదలో ఎక్కువ పాలు ఇసుకలోని పదార్థమే. అది చైను నూనెతో కలిసినచో సాన పట్టు ముద్ద అగును. పళ్ళ చక్రమును, చైనును, రిమ్మును, బ్రేకు రబ్బర్లను ఊరకే తినివేయును. ముందు మడ్‌గార్డు నిండుగా ఉన్న బండికి చైను ఎక్కువ కాలము వచ్చును.

కొనునప్పుడు చూడవలసినవి

మొదట టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలు చదువుడు. పెద్ద నల్ల సైకిలుకు సాధారణముగా 28 × 1½ అని ఉండును. పక్కనే 40-635 వంటి అంకెలు కూడ ఉండవచ్చును. మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము, రెండును మిల్లీమీటర్లలో. ఈ రెండవ అంకెయే నమ్మదగినది. ఏలననగా 26 అంగుళములు అన్న పేరు మీదనే వేరు వేరు కొలతలు అంగడిలో ఉన్నవి. 26 × 1⅜ టైరుకు రిమ్ము వ్యాసము 590. లావు టైర్ల బండికి ఉండు 26 × 1.95 కు 559. రెండింటిని 26 అనియే అందురు. ఒకదానికి చేసిన మడ్‌గార్డు రెండవదానికి వంపు సరిపడదు. మా సభ్యులిద్దరు కొలత అడుగక 26 అని మాత్రము చెప్పి తెచ్చుకొని, మరల షాపుకు తిరిగినారు. కాబట్టి షాపునకు పోవునప్పుడు బండినే తీసుకొని పోవుట మంచిది.

వెడల్పు: మడ్‌గార్డు టైరు కంటె రెండు ప్రక్కల కలిపి కనీసము ఒక సెంటీమీటరు వెడల్పుగా ఉండవలెను. ఒకటిన్నర అంగుళముల టైరుకు రెండు అంగుళముల మడ్‌గార్డు చాలును. లావు టైరుకు రెండున్నర అంగుళములది చూడవలెను. టైరుతో సమానమైన వెడల్పు గలది కొన్నచో రెండు అంచుల వెంట బురద జారి అదే మూటకు తగులును.

ఇనుమా, అల్యూమినియమా, ప్లాస్టిక్కా అన్నది తరువాతి ప్రశ్న. ఇనుము చవుక, గట్టిది, వంగినచో సుత్తితో సరిచేయవచ్చును. దాని శత్రువు తుప్పు. లోపలి వైపు అంచు మడత ఉన్నచోట తడి బూడిద చేరి ఆరకుండ ఉండును. అక్కడే తుప్పు మొదలగును. మనకు తుప్పు అనగా రెండు నష్టములు. మడ్‌గార్డు చెడుట ఒకటి. తుప్పు నీరు బట్ట మీద పడుట రెండవది. రెండవదే పెద్దది. ఇనుప మడ్‌గార్డు కొన్నవారు బిగించుటకు ముందే లోపలి వైపున రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిదప మామూలు రంగు వేయవలెను. తుప్పు పట్టకుండ ఇంజను నూనె పూయుమని కొందరు చెప్పుదురు. ఆ సలహా లారీలకు సరిపోవచ్చును గాని, మూట మోయు సైకిలుకు పనికిరాదు. ఆ నూనె బొట్టు ఏనాడో ఒకనాడు చీర మీద పడును.

అల్యూమినియము తేలిక, ఎర్ర తుప్పు పట్టదు. కాని గట్టిగా వంచినచో చీలును, చవుకరకమైనచో బోల్టు రంధ్రము వద్ద పగులును. ప్లాస్టిక్ తేలిక, తుప్పు మాట లేదు. మందముగా ఉండి, కడ్డీలు మాత్రము ఇనుపవి అయినచో పనికి వచ్చును. వ్రేలితో నొక్కి చూడవలెను. కాగితమువలె వంగినచో వదలివేయుడు. మన ఎండలకు సన్నని ప్లాస్టిక్ పెళుసుబారి విరుగును. నా అభిప్రాయము అడిగినచో, బరువు మోయు నల్ల సైకిలుకు రంగు వేసిన ఇనుము, లావు టైర్ల బండికి మందపు ప్లాస్టిక్ అని చెప్పుదును.

బిగించు విధము

సైకిలు షాపువారు బిగించి యిత్తురు. అయినను విధము తెలిసినచో వారు చేసిన పని సరిచూచుకొనవచ్చును. పడుగు కట్టగల చేతికి ఇది కష్టమైన పని కాదు.

వెనుకది మొదట. చక్రము విప్పి, మడ్‌గార్డును వెనుక గొట్టముల నడుమ నుండి దూర్చవలెను. పెడళ్ళ ఇరుసుకు వెనుకనున్న అడ్డుగొట్టమునకు ఒక బోల్టు, సీటు క్రింది అడ్డుగొట్టమునకు ఒక బోల్టు వదులుగా తొడుగవలెను. అన్నియు అమరిన తరువాతనే బిగింపు. చక్రము తిరిగి పెట్టి, కడ్డీలను రెండు ప్రక్కల ఇరుసు దగ్గరి రంధ్రములకు తగిలించవలెను. పాత బండ్లలో కడ్డీ చివరి కన్నును ఇరుసుకే తొడుగుదురు. అట్లయినచో ఒక జాగ్రత్త. మన బండ్లలో క్యారియర్ కడ్డీ, స్టాండు, మడ్‌గార్డు కడ్డీ మూడును ఆ ఇరుసు మీదనే చేరును. ఇన్ని చేరినప్పుడు నట్టుకు మర చాలదు. నట్టు నిండుగా ఎక్కిన పిదప పైన ఇంకను ఒకటి రెండు చుట్ల మర కనబడవలెను. కనబడనిచో అనవసరమైన వాషర్లు తీయవలెను. చక్రము ఊడుట కంటె మూట తడియుటే మేలు.

కొత్త రకము బండ్లలో కొన్నిటికి కడ్డీ తగిలించుటకు రంధ్రముండదు. అప్పుడు రబ్బరు తొడుగు గల ఇనుప పట్టీని గొట్టము చుట్టు బిగించి దానికి కడ్డీ తగిలించవచ్చును. తీగతో కట్టవలదు. తీగ తెగిన రోజున మడ్‌గార్డు చక్రములో పడును.

సందు: టైరుకు, మడ్‌గార్డుకు నడుమ చిటికెన వ్రేలు పట్టునంత సందు, అనగా ఒక సెంటీమీటరు, చుట్టును సమానముగా ఉండవలెను. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నచో కడ్డీలు సరిచేయవలెను. పడుగు లాగినప్పుడు ఒక అంచు బిగువుగా, ఒక అంచు వదులుగా ఉన్నచో బట్ట వంకర వచ్చునట్లే, కుడి ఎడమ కడ్డీల పొడవు తేడా ఉన్నచో మడ్‌గార్డు ఒక ప్రక్కకు ఒరిగి టైరును రాయును.

మడ్‌గార్డును బలవంతముగా లాగి బోల్టు బిగించరాదు. అడ్డుగొట్టమునకు, మడ్‌గార్డుకు నడుమ ఖాళీ ఉన్నచో దానిని వాషర్లతో నింపవలెను. లాగి బిగించినది నెల తిరుగకముందే రంధ్రము వద్ద పగులును. ఇచట మన యింటి వస్తువొకటి పనికి వచ్చును. మగ్గము మీద అరిగిపోయిన తోలు పిక్కరు ఉన్నవారు దానిని పారవేయక గుండ్రని ముక్కలుగా కోసి, నడుమ రంధ్రము చేసి, బోల్టు దగ్గర వాషరుగా వేయవలెను. గుంతలలో మడ్‌గార్డు గలగల మనదు. నట్టు కూడ త్వరగా వదులు కాదు.

ముందుది ఫోర్కు తల వెనుకనున్న బోల్టుకు పట్టి, కడ్డీలను ఫోర్కు చివరలకు తగిలించవలెను. కడ్డీ కొసలు నట్టును దాటి పొడుచుకొని వచ్చినచో రంపముతో కోసి ఆకురాయితో రుద్దవలెను. లేనిచో అవి పిక్కను చీల్చును. చీరకొంగు తగులుకొనినను ప్రమాదమే. చివరగా, పెడల్‌ను ముందుకు తెచ్చి, హ్యాండిల్ ప్రక్కకు త్రిప్పి చూడవలెను. చిన్న చట్రపు బండ్లలో చెప్పు కొస మడ్‌గార్డుకు తగులుట కద్దు. తగిలినచో మలుపులలో నెమ్మదిగా తిరుగుట అలవాటు చేసుకొనవలెను.

అంతయు అయిన పిదప ఖాళీ బండిని కాక, మూట కట్టిన బండిని పరీక్షించవలెను. ఇరువది కిలోల నూలు పెట్టగానే క్యారియర్ కొంత క్రిందికి దిగును. దాని కడ్డీ మడ్‌గార్డును నొక్కి టైరుకు ఆనించవచ్చును. ఖాళీ బండి మీద ఈ లోపము కనబడదు. మొదటి వారము తరువాత అన్ని నట్లను మరల ఒకసారి బిగించవలెను.

నేను పడిన సంగతి

ముందు మడ్‌గార్డులో ఒక ప్రమాదమున్నది. దానిని దాచి వ్రాసినచో నేను అన్యాయము చేసినవాడనగుదును. చక్రము లేపిన పుల్ల టైరుకు, మడ్‌గార్డుకు నడుమ చిక్కినచో మడ్‌గార్డు ముడుచుకొని చక్రము చటుక్కున ఆగిపోవును. బండి ఆగును గాని మనిషి ఆగడు. కొన్ని సంవత్సరముల క్రిందట నాకే జరిగినది. సందు బాగా తక్కువగా ఉంచినది నేనే. ఒక నట్టు వదులైనదని తెలిసియు రేపు చూతమని ఊరకున్నదియు నేనే. వేపపుల్ల ఒకటి చిక్కి, హ్యాండిల్ మీదుగా పడి, మోచేయి చీరుకొని, పదిరోజులు లెక్కల పుస్తకము ఎడమచేతితో త్రిప్పినాను.

విదేశములలో కొన్ని మడ్‌గార్డుల ముందు కడ్డీలకు, గట్టిగా లాగినచో వానంతట అవే ఊడివచ్చు క్లిప్పులు ఉంచుదురు. పుల్ల చిక్కిన క్షణముననే కడ్డీ ఊడి, చక్రము తిరుగుచునే ఉండును. అట్టివి దొరకినచో ముందు చక్రమునకు వానినే ఎన్నుకొనవలెను. దొరకనిచో చిటికెన వ్రేలి సందు తప్పక ఉంచవలెను. వదులు నట్టుతో బండి ఎక్కరాదు.

మరియొకటి. నల్ల రేగడి చేలలో, మట్టి బాటలలో నడచువారికి నిండు మడ్‌గార్డు కొన్నాళ్ళు శత్రువగును. రేగడి టైరుకు చుట్టుకొని సందు పూడ్చి చక్రమును బిగించివేయును. అట్టి బాట మీద రోజు నడచువారు సందును రెండు వ్రేళ్ళ మందము ఉంచవలెను. ఒక పుల్లను క్యారియర్‌కు కట్టుకొని, ఆగి గీకుచు పోవలెను. తారు రోడ్డు మీద ఈ బాధ లేదు.

వెనుక వచ్చువాని కొరకు

మడ్‌గార్డు చివర మడ్‌ఫ్లాపు అను రబ్బరు ముక్క ఒకటి వ్రేలాడదీయుదురు. దానిని అలంకారమనుకొని కొందరు తీసివేయుదురు. పాదములను, చైనును నిజముగా కాపాడునది ముందు చక్రపు ఫ్లాపు. అది నేలకు బెత్తెడు ఎత్తున ఉండవలెను. మందపు రబ్బరు చెప్పు అడుగు కోసినను చాలును, పాత ట్యూబు మాత్రము గాలికి మడిగి పోవును.

వెనుక చక్రపు ఫ్లాపు మనకు కాదు, వెనుక వచ్చువానికి. ఇంగ్లండులో చలికాలము వరుసగా సైకిళ్ళ మీద పోవు క్లబ్బులు ఉన్నవి. నిండు మడ్‌గార్డు లేనివారు ఆ వరుసలో చేరరాదను ఆచారము వారిలో చాలచోట్ల కలదు. మన సభ్యులు కూడ సంతరోజున, నూలు పంచు రోజున నలుగురైదుగురు ఒకరి వెనుక ఒకరు వచ్చెదరు. ముందువాని బురద వెనుకవాని మూట మీద పడుచున్నది. మన దేశపు చట్టము కూడ బట్ట మాట మరువలేదు. మోటారు సైకిలు వెనుక చక్రము సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము చెప్పుచున్నది. వెనుక కూర్చున్నవారి బట్ట చక్రములో చిక్కకుండుటకు అది ఏర్పడినది. సైకిలు మీది బట్ట విషయములో ఆ జాగ్రత్త మనము తీసుకొనవలెను.

మరక పడినచో

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు మరక పడును. బొగ్గు బురద తడిగా ఉండగా రుద్దకుడు. రుద్దినచో పొడి నూలు లోపలికి దిగును. పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, మెత్తని బ్రష్‌తో తుడిచిన పిదప సబ్బు పెట్టవలెను. తుప్పు మరకకు బ్లీచింగు పౌడరు ఎన్నడును వాడరాదు. మరక పోకపోగా ఇంకను గట్టిపడును. తెల్లబట్ట అయినచో నిమ్మరసము, ఉప్పు పెట్టి కొంతసేపు ఎండలో ఉంచి బాగా కడుగవలెను. రంగు బట్ట అయినచో ముందు అంచున ఒక మూల పరీక్షించి చూడవలెను. మడ్‌గార్డు ఉన్నను మూటకు ప్లాస్టిక్ చుట్టుట మానరాదు. చుట్టుకొస ఎల్లప్పుడు పైకి రావలెను, క్రిందికి కాదు.

మేము చేసిన తీర్మానము

ఆ యువకుని సంగతి తరువాత మా కమిటీ కూర్చుండి రెండు తీర్మానములు చేసినది. ఒకటి, నేతలో లోపమునకు, దారిలో పడిన మరకకు వేరు వేరు పద్దులు. దారి మరకకు మజూరీ తగ్గింపు లేదు. మరక తీయుటకు సంఘమే ప్రయత్నించును. పోనిచో నష్టములో సగము సంఘము భరించును. రెండవది, మడ్‌గార్డు కొనదలచిన సభ్యునకు ముందుగా సొమ్ము ఇచ్చి, అయిదు వాయిదాలలో మజూరీ నుండి పట్టుకొనుట. లెక్క చూచినచో ఒక జత మడ్‌గార్డుల వెల ఒక చీర మీద పోయిన తగ్గింపునకు పెద్ద తేడా లేదు. ఇంత చిన్న లెక్క నాకు ముందు తోచకపోవుటకు సిగ్గుపడుచున్నాను.

అతనికి తగ్గించిన సొమ్ము తిరిగి యిచ్చినాము. నూలు పుస్తకము నేనే తీసుకొని అతని యింటికి పోయినాను. అతడు పుస్తకము తీసుకొనుటకు ముందు నా సైకిలు వైపు చూచినాడు. నా ముందు చక్రమునకు ఫ్లాపు లేదు. "కాకా, ముందుగాల నీ బండికి పెట్టిచ్చుకో" అన్నాడు. మరునాడే పెట్టించినాను. దసరాకు ముందు వారి యింట మరల నాడె చప్పుడు వినబడినది.

సోదరులారా, వానలు మొదలగుటకు ముందు ఒక ఆదివారము మీ బండిని నీడకు తెచ్చి, చిటికెన వ్రేలు టైరు చుట్టు త్రిప్పి చూడుడు. మడ్‌గార్డు లేనివారు సంఘములో చెప్పుడు. ఇతర గ్రామముల సంఘములు కూడ దారి మరకను నేత లోపముగా వ్రాయుచున్నచో, ఆ నియమమును ఒకసారి విప్పి చూడవలసినదిగా తోటి కార్యదర్శులకు నా మనవి. పది రోజులు కాలు, చెయ్యి ఆడించి నేసిన బట్ట అరగంట దారిలో చెడిపోకుండుట మన అందరి బాధ్యత.